వకీలు నొద్ద దాపరికము

పురుటి గదిలో మంత్రసాని యెదుట సిగ్గుపడిన యిల్లాలి కెంత చేటో, విడాకుల వ్యాజ్యములో తన వకీలు నెదుట సిగ్గుపడిన యిల్లాలికిని అంత చేటు. సోదరీమణులారా! విడాకులను మాటను మన యిండ్లలో నేటికిని గొంతు తగ్గించియే పలుకుదురు. ఆ తగ్గిన గొంతుతోడనే వకీలు గదిలో నడుగుపెట్టిన స్త్రీ సగము చెప్పి సగము మ్రింగును. అన్నగారు ప్రక్కన కూర్చుండుటచేత కొంత, పుట్టినింటి పరువు పోవునని కొంత, ‘ఇది చెప్పినచో వకీలు నా పక్షమును విడుచునేమో’ యను భయముచేత మరికొంత. ఈ కడపటి భయమే మిక్కిలి నష్టకరము.

చెప్పిన మాట గడప దాటునేమో యని సందేహింప బనిలేదు. కక్షిదారు తన వ్యాజ్యమును గూర్చి చెప్పిన సంగతులను ఆమె యనుమతి లేక వకీలు వెల్లడింపరాదని 1872 నాటి సాక్ష్యపు చట్టమే విధించినది. దాని స్థానమున 2024 జూలై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునందును ఈ రక్షణ నిలిచియే యున్నది. వ్యాజ్యము ముగిసిన పిదప గూడ ఆ కట్టు వీడదు. వకీలు గుమాస్తాకును అది వర్తించును. మీకు తోడుగా వచ్చిన పొరుగింటి పిన్నిగారికి మాత్రము వర్తింపదు! కావున సున్నితమైన సంగతి వచ్చినపుడు ఆమెను పది నిమిషములు వెలుపల కూర్చుండుమని వకీలు చేతనే చెప్పింపుడు. ఒక్క మినహాయింపు గలదు. జరిగినదానిని చెప్పుట వేరు. ‘ఈ సొమ్మును మా యక్క పేర దాచెదను, దొంగ కాగితములు పుట్టింపుడు’ అని యడుగుట వేరు. చేయబోవు మోసమునకు సాయము కోరిన మాటకు చట్టము కాపుదల నీయదు.

ఒక యిల్లాలి స్థితిని ఊహింతము. భర్త కొట్టగా ఆమె పుట్టినిల్లు చేరినది. దసరాకు పెద్దలు నచ్చజెప్పగా తిరిగి కాపురమునకు పోయినది. రెండు నెలలు బాగుగనే గడచినవి. దంపతులు తిరుపతి యాత్ర చేసి ఛాయాచిత్రమును తీయించుకొనిరి. సంక్రాంతి నాటికి మరల దెబ్బలు. వకీలుతో ఆమె మొదటి దెబ్బలను చెప్పెను, తుది దెబ్బలను చెప్పెను, నడిమి యాత్రను మాత్రము చెప్పలేదు. ‘కొట్టినవానితో తిరుపతి యేల పోతివందురు గదా’ యని ఆమె వెరపు. ఎదుటి వకీలు ఆ చిత్రమును సాక్షి బోనులో ఆమె చేతి కిచ్చి ప్రశ్నించును. ఆమె వకీలు దానిని చూచుట అదే మొదటిసారి!

1955 నాటి హిందూ వివాహ చట్టము ప్రకారము, క్రూరత్వమును కారణముగా చూపినపుడు, అర్జీదారు దానిని క్షమించినదా యని న్యాయస్థానము విచారింపవలయును. అయితే 1975లో దాస్తానే దంపతుల వ్యాజ్యమున సుప్రీము కోర్టు, క్షమ షరతుతో కూడినదనియు, మరల తప్పు చేసినచో పూర్వపు తప్పు సయితము తిరిగి లేచుననియు చెప్పినది. అనగా ఆమె దాచిన సంగతియే, ముందుగా చెప్పియున్న యెడల, అర్జీలో క్రమముగా వ్రాయబడి ఆమెకు బలమై యుండెడిది. దాచుటచేత అబద్ధమువలె కనబడినది.

డబ్బు విషయమున దాపరికము ఇంకను ప్రమాదకరము. 2020 నవంబరు 4న రజనీష్–నేహా వ్యాజ్యమున సుప్రీము కోర్టు, మనోవర్తి కోరునపుడు ఇరుపక్షములవారును తమ రాబడిని, ఆస్తిని, అప్పులను ప్రమాణపత్రమున తెలుపవలెనని శాసించినది. కుట్టుపని రాబడి, చీటీపాట, బ్యాంకులోని డిపాజిట్టు, తాకట్టు పెట్టిన గాజులు — అన్నియు చెప్పుడు. కొద్ది సంపాదన యున్నంత మాత్రమున మనోవర్తి పోదని ఆ తీర్పే చెప్పుచున్నది; అబద్ధపు ప్రమాణము మాత్రము శిక్షకు తెచ్చును. స్త్రీధనము భార్య సొంత ఆస్తియని 1985లో సుప్రీము కోర్టు ప్రతిభారాణి వ్యాజ్యమున నిర్ధారించినది. కాని యిప్పటికే మీ పెట్టెలో నున్న వడ్డాణమును అత్తగారి వద్ద నున్నదని జాబితాలో చేర్చినచో, నిజముగా అక్కడ చిక్కుకొనిన నగలను గూడ ఎవరును నమ్మరు.

కోపములో వ్రాసిన వాట్సాప్ సందేశములను తుడిచివేయకుడు. మీ ఫోనులో పోయినను ఎదుటివారి ఫోనులో నుండును. పరపురుషునితో స్నేహమని నింద యున్నచో, నిజమైనను కాకున్నను, వకీలు మీ నోటనే వినవలెను. ఆయన తీర్పరి కాడు. మిమ్ము మెచ్చుటయు తిట్టుటయు ఆయన పని కాదు. ఆయన కసురుకొనెడి వాడైనచో వేరొకరిని చూచుకొనవచ్చును. ఫీజున కిబ్బంది యున్నచో, 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా వకీలును నియమింతురు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేయవలయును.

ఇంటిల్లిపాదియు నిదురించు మధ్యాహ్నవేళ ఒక నోటుపుస్తకము తీసికొని, పెండ్లినాటి నుండి జరిగినదానిని తేదీలతో వ్రాయుడు. మొదటి పుటలో, చెప్పుటకు మీకు నోరాడని సంగతినే వ్రాయుడు. ఆ పుస్తకమును మాత్రము అత్తవారింటి బీరువాలో నుంచకుడు.