స్నాప్‌షాట్లు ఉన్నా ఫైల్ పోయింది: ఇంట్లో బీటీఆర్ఎఫ్ఎస్ వాడితే నాకు తెలిసొచ్చింది ఇదీ

200 జీబీ సినిమాలు డిలీట్ చేశాను. డిస్క్‌లో ఖాళీ మాత్రం ఒక్క జీబీ కూడా పెరగలేదు. నడిగూడెంలో మా ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌తో నా గొడవ అలా మొదలైంది.

అందులో ఉన్నది 1 టీబీ హార్డ్‌డిస్క్. ఇంటిల్లిపాది ఫొటోలు, వీడియోలు అన్నీ దాంట్లోనే. ఫెడోరా వేసినప్పుడు దాన్ని కూడా బీటీఆర్ఎఫ్ఎస్‌గా ఫార్మాట్ చేశా. ఇది కొత్తదేం కాదు. 2009లోనే లినక్స్ కెర్నల్‌లోకి వచ్చింది, 2020లో ఫెడోరా 33 వర్క్‌స్టేషన్‌కి డిఫాల్ట్ అయింది. ఫైల్ మారిస్తే పాత బ్లాక్ మీద రాయదు, కొత్త చోట రాస్తుంది. అందుకే స్నాప్‌షాట్ క్షణంలో అయిపోతుంది, మొదట్లో చోటు కూడా దాదాపు తీసుకోదు. కానీ స్నాప్‌షాట్ పట్టుకున్నంత కాలం ఆ పాత బ్లాకులు ఖాళీ కావు. గంటకోసారి స్నాప్‌షాట్ తీసి నెలల తరబడి దాచేలా స్నాపర్‌ని సెట్ చేసింది నేనే! పాతవి తీసేశాక చోటొచ్చింది.

అంతటితో ఆగితే ఈ ఆర్టికల్ ఉండేది కాదు. పనిలో పనిగా స్క్రబ్ కూడా నడిపా. అంటే డిస్క్‌లో ఉన్న డేటా మొత్తాన్ని చదివి, చెక్‌సమ్‌తో సరిపోల్చి చూడటం. రిజల్ట్: ఒక చెక్‌సమ్ ఎర్రర్, సరిచేయడం కుదరదు. ఏ ఫైలో కెర్నల్ లాగ్‌లో ఉంది. మా తాతయ్య మాటల రికార్డింగ్. పింగళి వెంకయ్య కొంతకాలం ఉన్న మా ఊరి రాజావారి కోట గురించి నలభై నిమిషాలు చెప్పాడు. ఆయన ఇప్పుడు లేడు.

ఏం ఫర్వాలేదు, స్నాప్‌షాట్ ఉందిగా అనుకుని దాంట్లోంచి కాపీ చేయబోయా. అదే ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్. ఇంకో నెలది చూశా, అదీ అంతే. మారని ఫైల్‌కి అన్ని స్నాప్‌షాట్లూ చూపించేది డిస్క్ మీదున్న ఆ ఒక్క బ్లాక్‌నే. పది స్నాప్‌షాట్లున్నా కాపీ ఒకటే. ఒకే డిస్క్ ఉంటే బీటీఆర్ఎఫ్ఎస్ మెటాడేటాని రెండుసార్లు రాస్తుంది గానీ, మన డేటాని ఒక్కసారే రాస్తుంది. కాబట్టి పాడైందని చెప్పగలదు, బాగు చేయలేదు. ఈఎక్స్‌టీ4 అయితే అది కూడా చెప్పదు, చెడిన డేటానే మంచిదన్నట్టు చేతికిస్తుంది.

కంగారులో చెక్ కమాండ్‌కి రిపేర్ ఆప్షన్ పెట్టి కొట్టబోయా. మాన్యువల్లో పెద్ద హెచ్చరిక చూసి ఆగా. మీరూ దాని జోలికి పోకండి. 5.11 కెర్నల్ నుంచి రెస్క్యూ మౌంట్ ఆప్షన్లలో డేటా చెక్‌సమ్‌లను పట్టించుకోవద్దని చెప్పేది ఒకటి ఉంది. రీడ్ ఓన్లీగా అలా మౌంట్ చేస్తే ఫైల్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి వచ్చేసింది.

తర్వాత కోదాడ వెళ్లి ఇంకో 1 టీబీ డిస్క్ తెచ్చా. డివైస్ యాడ్, ఆ తర్వాత డేటా, మెటాడేటా రెండింటినీ రెయిడ్1కి మార్చే బ్యాలెన్స్. మధ్యలో ఎర్రర్‌తో ఆగింది, కారణం మళ్లీ ఆ బ్లాకే. చదవలేని దాన్ని ఎలా కాపీ చేస్తుంది? ఆ ఫైల్‌నీ, అది ఉన్న స్నాప్‌షాట్లనీ తీసేశాకే ముందుకు కదిలింది. రాత్రి కరెంటు కూడా పోయింది. గుండె ఆగినంత పనైంది గానీ, మళ్లీ ఆన్ చేసి మౌంట్ చేయగానే బ్యాలెన్స్ దానంతటదే మళ్లీ మొదలైంది. తెల్లారేసరికి పూర్తయింది.

ఇప్పుడు నెలకోసారి స్క్రబ్ నడిచేలా టైమర్ పెట్టా. రెయిడ్1 కూడా బ్యాకప్ కాదు, పొరపాటున డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోంచీ పోతుంది. అందుకే రికార్డింగ్‌ని అమ్మ ఫోన్లోనూ వేశా. పోయింది 4 కేబీ బ్లాకే. 128 కేబీపీఎస్ ఎంపీ3లో అది పావు సెకను. పన్నెండో నిమిషంలో కోట గేటు గురించి చెబుతుండగా టక్కుమని ఓ చప్పుడు, వెంటనే మళ్లీ తాతయ్య గొంతు.