మంగలి కుర్చీ, భూపేన్ కుంచె

మా తాత పొదిలో కత్తి, కత్తెర, సానరాయి, చిన్న అద్దం ఉండేవి. ఊరి పెద్దల గడ్డాలన్నీ ఆయన చేతి కిందే నునుపెక్కినా, వారి అరుగుల మీద ఆయనకు చోటు లేదు. విద్యార్థిగా ఉన్నప్పుడు గ్రంథాలయంలో భూపేన్ ఖఖర్ చిత్రాల పుస్తకంలో మంగలి షాపు బొమ్మ కనబడగానే నాకు ఆ పొదే గుర్తొచ్చింది.

భూపేన్ 1934లో బొంబాయిలో పుట్టారు. చార్టర్డ్ అకౌంటెంట్. 1962లో బరోడా చేరి, ఒక పూట లెక్కలు చూసుకుంటూ ఇంకో పూట బొమ్మలు వేశారు. 1970ల తొలినాళ్లలో ఆయన కాన్వాసు మీదికి వచ్చినవారు దేవతలూ రాజులూ కారు. దర్జీ, గడియారాలు బాగుచేసేవాడు, మంగలి. అలాగని ఆయన్ని శ్రామిక కులాల చిత్రకారుడనడం అతిశయోక్తి. కులం మీద ఆయన ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. పక్కన నిలబెట్టినవారిని గుర్తుపట్టే చూపు మాత్రం ఆయనకుంది.

అది ఎక్కడిదో నాకు ఆలస్యంగా అర్థమైంది. భూపేన్ స్వలింగ ప్రేమికుడు. ఏళ్ల తరబడి దాచుకున్నారు. తల్లి మరణించాకే బాహాటంగా గీశారు. 1981 నాటి ‘అందరినీ మెప్పించలేవు’ చిత్రంలో, మనకు తెలిసిన తండ్రీ కొడుకుల గాడిద కథను మేడ మీద నుంచి ఒక నగ్న పురుషుడు చూస్తుంటాడు. అప్పటికి చిత్రకారుడికి 47 ఏళ్లు. ఆ ప్రేమ చట్టం దృష్టిలో నేరం. సుప్రీంకోర్టు 2018లో ఆ మచ్చ తుడిచేనాటికి ఆయన పోయి 15 ఏళ్లయింది.

నన్ను ఎక్కువగా నిలిపేవి ఆయన గీసిన వయసు మళ్లిన మగవాళ్లు: నెరిసిన తలలు, జారిన పొట్టలు, గుమాస్తాల ముఖాలు. ప్రేమించడానికి అందం, యవ్వనం, హోదా ఉండాలన్న షరతు అక్కడ లేదు. చివరి ఏళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ సోకితే ఆ గాయపడిన దేహాన్నే చిత్రవస్తువు చేసుకున్నారు. 2003లో బరోడాలోనే కన్నుమూశారు.

ఈ మాట మా సంఘంలో ఎత్తడం కష్టం. ‘మంగలోడా’ అన్న నోళ్లే ‘ఆడంగి’ అని కూడా తిడతాయి. మనం మొదటిదానికే మండిపడతాం. నిరుడు ఒక సమావేశంలో మా కుర్రవాడొకడు లేచి తన సంగతి చెప్పబోయాడు. “ఇది పట్నం పిల్లల గోల, మన ఎజెండా కాదు” అన్నారు పెద్దలు. వేదిక మీద నేనూ ఉన్నాను. మాట్లాడలేదు. ఆ కుర్రవాడు మళ్లీ సమావేశానికి రాలేదు.