పలుచని మైల్డ్ స్టీలుపై టిగ్ వెల్డింగ్: లోపాలు, కారణాలు, సవరణలు

ఒక మిల్లీమీటరు మందం గల మైల్డ్ స్టీలు రేకును మొదటిసారి అతికేటప్పుడు రంధ్రం పడవచ్చు, అతుకులో బుడగలు రావచ్చు. వెంటనే కరెంటు నాబ్ తిప్పడం చాలామంది అభ్యాసకులు చేసే పొరపాటు. లోపం ఎలా కనిపిస్తున్నదో ముందు గమనించండి. కారణం సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

1. రంధ్రం పడటం
ఈ మందానికి సుమారు 40 ఆంపియర్లు సరిపోతాయి. కరెంటు సరిగా ఉన్నా రంధ్రం పడుతుంటే రేకుల మధ్య సందును పరిశీలించండి. సందు ఉన్నచోట వేడిని పంచుకునే లోహం ఉండదు. అందువల్ల అంచులు కరిగి వెనక్కి పోతాయి. రేకులను దగ్గరగా బిగించి, 25 మి.మీ.కు ఒకటి చొప్పున టాకులు వేయండి. అడుగున రాగి పట్టీ ఉంచితే అది అదనపు వేడిని లాగేస్తుంది.

2. బుడగలు, నలుపు
కరిగిన లోహానికి గాలి గాని, మలినం గాని తగిలిందన్నమాట. తుప్పును, నూనెను, నల్లటి మిల్ స్కేలును మెరిసే లోహం కనబడేవరకు తొలగించండి. ఆర్గాన్ నిమిషానికి 6 నుంచి 8 లీటర్లు చాలు. మరీ పెంచితే వాయువు సుడులు తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది. దగ్గరలోని ఫ్యానును ఆపండి.

3. ఆర్క్ నిలకడగా లేకపోవడం
టంగ్‌స్టన్ కొన కరిగిన లోహానికి తగిలితే దానికి ఇనుము అంటుకుంటుంది. అప్పుడు కొనను మళ్ళీ నూరాలి. నూరిన గీతలు కడ్డీ పొడవునా ఉండాలి. కొన ఉండలా మారితే టార్చి పాజిటివ్‌కు కలిపారేమో చూడండి. స్టీలుకు టార్చిని డీసీ నెగెటివ్‌కే కలపాలి. అప్పుడు వేడిలో ఎక్కువ భాగం రేకుకు చేరుతుంది.

జాగ్రత్త
జింకు పూత ఉన్న రేకు నుంచి వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది. పూతను తొలగించి, గాలి ఆడే చోట పనిచేయండి. క్లోరిన్ గల ద్రావకాలతో రేకును ఎన్నడూ తుడవకండి. ఆర్క్ ప్రభావానికి వాటి ఆవిరి నుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టగలదు, అది ప్రాణాంతకం. అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాతే, సీసాను, గుడ్డను దూరంగా పెట్టి, ఆర్క్ వెలిగించండి.

ఏ సవరణనైనా ముందు అదే మందం గల తుక్కు ముక్కపై పరీక్షించండి. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చండి. రెండింటిని కలిపి మారిస్తే అతుకు బాగుపడవచ్చు గాని, దేనివల్ల బాగుపడిందో మీకు తెలియదు. అదే లోపం మళ్ళీ వస్తే మొదటికే వస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
ఆర్గాన్ ప్రవాహాన్ని పెంచిన తరువాత బుడగలు ఇంకా ఎక్కువయ్యాయి. కారణం ఏమై ఉంటుంది?