తెర వెనక పాచిక

వైకుంఠపాళీలో పాము మింగితే చింతగింజ కిందికి దిగుతుంది. ఆ గింజకు పేరు లేదు, తల్లి లేదు, తీర్చుకోవాల్సిన పగ లేదు. దాని కోసం ఎవరూ బాధపడరు. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటలో గింజకు అవన్నీ ఉంటాయి. గొడవ అక్కడే మొదలవుతుంది.

ముందు ఆట సంగతి. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. తలా ఒక పాత్ర: యోధుడు, మంత్రగత్తె, దొంగ. ఒకరు మాత్రం డంజన్ మాస్టర్. లోకాన్ని వర్ణించడం, శత్రువుల తరఫున ఆడటం, తగువు వస్తే తీర్పు చెప్పడం మాస్టర్ పని. "తలుపు మెల్లగా తోస్తున్నా" అంటాడు ఒకడు. ఏమవుతుందో తేలనిచోట ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మాస్టర్ ముందు మాత్రం చిన్న అట్ట తెర ఉంటుంది. మాస్టర్ వేసే పాచికలు సాధారణంగా దాని వెనకే దొర్లుతాయి.

ఇప్పుడు ఆరు నెలలుగా సాగుతున్న ఆట ఒకటి ఊహించుకోండి. తండ్రిని చంపినవాణ్ని వెతుక్కుంటూ బయల్దేరిన యోధురాలి మీద, దారిలో పేరూ ఊరూ లేని బందిపోటు ఒకడు బాణం వేశాడు. తెర వెనక 20 పడింది. నూటికి ఐదుసార్లు పడే అంకె. ఆ దెబ్బకు ఆమె ప్రాణం పోవాలి. పాచికను చూసింది మాస్టర్ ఒక్కరే. "గురి తప్పింది" అనేయొచ్చా?

కూడదంటారు కొందరు. చావు నిజంగా ఉంటేనే బతికి బయటపడటానికి విలువ. వాళ్లకు ఇది తెలివికీ జాగ్రత్తకూ పరీక్ష. అనొచ్చంటారు ఇంకొందరు: ఇన్ని నెలలు అల్లిన కథ దారిదోపిడీలో ముగిస్తే ఎవరికి సుఖం? మూడో రకం వాళ్లూ ఉన్నారు. సవాలూ కథా తర్వాత, ఆ లోకం నమ్మేలా ఉండాలంటారు. బాణం తగిలితే మనిషి చస్తాడు, అంతే.

ఈ చీలికకు మూలం ఆట పుట్టుకలోనే ఉంది. గ్యారీ గైగ్యాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో దీన్ని అచ్చువేసినప్పుడు, పుస్తకం మీద తమది యుద్ధక్రీడల నియమావళి అనే రాసుకున్నారు. బొమ్మ సైనికులతో యుద్ధాలు ఆడేవాళ్లకు ఓటమి మామూలే. 1978లో గైగ్యాక్స్ అచ్చేసిన 'టూంబ్ ఆఫ్ హారర్స్' అనే సమాధి సాహసంలో ఒక్క తప్పడుగు పడితే ప్రాణం పోతుంది. తమాషా ఏమిటంటే, మరుసటి ఏడాది మాస్టర్ల కోసం రాసిన పుస్తకంలో, అవసరమైతే పాచికను కాదనే హక్కు మాస్టర్‌కు ఉందని చెప్పిందీ ఆయనే. రెండు పక్షాలూ ఆయన్నే సాక్ష్యానికి పిలుస్తాయి.

1984లో వచ్చిన 'డ్రాగన్‌లాన్స్' సాహసాలు కథవైపు బాగా మొగ్గాయి. అదే పేరుతో వచ్చిన నవలల్లోని పాత్రలనే ఆటగాళ్లు ఆడొచ్చు. దాంతో కొత్త ఫిర్యాదు పుట్టింది: మేం ఏం చేసినా కథ వేసిన పట్టాల మీదే పోతోంది! ఇలాంటి ఆటకు 'రైల్‌రోడింగ్' అని పేరు. పాచిక మార్చడం మీద కోపానికి సగం కారణం ఇదే అనుకుంటాను. ఇవాళ ప్రాణం కాపాడిన చెయ్యి, రేపు నా గెలుపునూ తనే రాసిపెడుతుందేమోనన్న అనుమానం.

మీరే ఆట చెడగొట్టారంటే మీరే అన్న రభసకు విసిగి, కొందరు ఆటనే వేరే రకంగా కట్టుకున్నారు. పాతకాలపు పద్ధతి తిరిగి తెచ్చిన బృందాల్లో చాలామంది తెర తీసేసి పాచికను అందరి ముందే వేస్తారు. 2010లో విన్సెంట్ బేకర్, మెగ్వే బేకర్ తెచ్చిన 'అపోకలిప్స్ వరల్డ్'లో ఆట నడిపేవారు అసలు పాచికే వెయ్యరు, వేసేది ఆటగాళ్లే. ఇక మార్చేదేముంది? 1981 నాటి 'కాల్ ఆఫ్ కథుల్హూ'లో చావో పిచ్చో తప్పదని కూర్చునేటప్పుడే అందరికీ తెలుసు. అక్కడ పాత్ర పోతే పోట్లాట తక్కువ, నవ్వులు ఎక్కువ.

నా మటుకు పాచికను బయటే వెయ్యమంటాను. అయితే కథ కోసం మారుస్తామని ముందే చెప్పి మార్చే బల్ల దగ్గర కూర్చోవడానికీ నాకు అభ్యంతరం లేదు. ఒప్పుకోలేనిది చెప్పకుండా మార్చడమే. ఈమధ్య చాలా బృందాలు ఆట మొదలుపెట్టే ముందు 'సెషన్ జీరో' అని ఒక పూట కూర్చుంటున్నాయి. ఎలాంటి కథ, ఎంత భయం, ఏ విషయాల జోలికి పోకూడదు అని మాట్లాడుకుంటారు. ఆ బందిపోటు బాణం సంగతి కూడా ఆ పూటే అడిగేయొచ్చు, యోధురాలికి ఇంకా పేరు పెట్టకముందే.