విజయవాడ మెట్రో వస్తే బందరు, గుడివాడ, దివిసీమ వాళ్లకు ఏంటి లాభం?

బందరులో బస్సెక్కి పామర్రు, ఉయ్యూరు దాటేదాకా ప్రయాణం బాగానే సాగుతుంది. కంకిపాడు దాటాక బస్సు నెమ్మదిస్తుంది. పోరంకి, కానూరు, ఆటోనగర్, బెంజ్ సర్కిల్ మీదుగా బస్టాండ్ చేరేసరికి ఓపిక అయిపోతుంది. ఆసుపత్రి, కాలేజీ, ఉద్యోగం.. పని ఏదైనా మీకిది అలవాటైన దారే. విజయవాడ మెట్రో ప్రతిపాదనలో ఒక లైను సరిగ్గా ఈ దారిలోనే ఉంది.

మెట్రో ఎక్కడి నుంచి ఎక్కడికి?

మొదటి దశలో రెండు కారిడార్లు. రెండూ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ దగ్గర మొదలవుతాయి. ఒకటి రైల్వే స్టేషన్, ఏలూరు రోడ్డు, రామవరప్పాడు, నిడమానూరు మీదుగా గన్నవరం వరకు సుమారు 26 కిలోమీటర్లు. రెండోది బందరు రోడ్డు మీదుగా పెనమలూరు వరకు సుమారు 12.5 కిలోమీటర్లు. మొత్తం 38.4 కిలోమీటర్లు. అంచనా ఖర్చు రూ.11,009 కోట్లు.

రెండో దశలో బస్ స్టేషన్ నుంచి అమరావతికి 27.75 కిలోమీటర్ల మూడో కారిడార్ ప్రతిపాదన ఉంది.

2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల విభజనలో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. గన్నవరం, పెనమలూరు మాత్రం మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలోనే ఉండిపోయాయి. అంటే పేరు విజయవాడ మెట్రో అయినా, మొదటి దశ లైన్ల చివరలు రెండూ తేలినది మీ వైపే.

భూమి లోపల నడుస్తుందా?

మెట్రో అనగానే సొరంగం గుర్తొస్తుంది. దేశంలో మొదటిదైన కోల్‌కతా మెట్రో 1984లో అలాగే మొదలైంది. ఇక్కడ ప్రధానంగా హైదరాబాద్‌లో మాదిరిగా పిల్లర్ల మీద నడిపే ప్లాన్. సొరంగం కంటే ఖర్చు బాగా తక్కువ. రామవరప్పాడు-నిడమానూరు మధ్య సుమారు 4.7 కిలోమీటర్లు డబుల్ డెక్కర్‌గా కట్టాలన్నది ప్రతిపాదన. అంటే కింద ఇప్పుడున్న రోడ్డు, దానిపైన ఫ్లైఓవర్, ఆపైన మెట్రో.

ఇన్నేళ్లు ఎందుకు ఆగింది?

2014 విభజన చట్టం 13వ షెడ్యూల్లోనే విజయవాడ-గుంటూరు-తెనాలి మెట్రో సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని ఉంది. 2015లో ఢిల్లీ మెట్రో రైల్ కార్పొరేషన్ సుమారు 26 కిలోమీటర్లకు డీపీఆర్ ఇచ్చింది. అప్పట్లో ఒక లైను పెనమలూరుకు, మరొకటి నిడమానూరుకు. 2017లో కేంద్రం కొత్త మెట్రో విధానం తేవడంతో, దానికి తగ్గట్టు ప్రతిపాదనలు మళ్లీ మొదటి నుంచి తయారు చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఫైలు కదల్లేదు. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం కొత్త డీపీఆర్‌కు ఆమోదం తెలిపింది. 2025 జులైలో టెండర్లు పిలిచారు.

టెండర్ పిలిచినంత మాత్రాన రైలు వచ్చేసినట్టు కాదు. కేంద్రం ఆమోదం, భూసేకరణ, రుణం.. అన్నీ కుదరాలి. కేంద్రం, రాష్ట్రం చెరిసగం వాటాతో కట్టే మెట్రోల్లో సాధారణంగా పెద్ద భాగం రుణమే. పోలిక కోసం హైదరాబాద్‌ను చూడండి. 2010లో ఒప్పందం కుదిరితే, మొదటి రైలు 2017 నవంబరులో నడిచింది.

మీకు ఎంతవరకు ఉపయోగం?

బందరు, పామర్రు, ఉయ్యూరు వాళ్లకు: పెనమలూరులో దిగి మెట్రో ఎక్కితే బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ తప్పుతుంది. కానీ ఒకసారి బండి మారాలి. బస్సు దిగిన చోటే స్టేషన్ ఉంటేనే సమయం కలిసొస్తుంది.

గుడివాడ వాళ్లకు: బస్సులో కంకిపాడు మీదుగా వస్తే పెనమలూరే దగ్గర. రైల్లో వస్తే ఇంకో దారి ఉంది. గుడివాడ-విజయవాడ రైలు మార్గంలో నిడమానూరు, రామవరప్పాడు స్టేషన్లు ఉన్నాయి. మెట్రో కూడా ఆ ఊళ్ల మీదుగానే వెళ్తుంది. ఈ రెండింటినీ నడిచి వెళ్లేలా కలిపితే గన్నవరం ఎయిర్‌పోర్టుకు వెళ్లేవాళ్లు విజయవాడ జంక్షన్ దాకా పోయి వెనక్కి రావాల్సిన పని ఉండదు. కలపకపోతే మధ్యలో ఆటో ఖర్చు తప్పదు.

దివిసీమ వాళ్లకు: అవనిగడ్డ నుంచి చల్లపల్లి, పామర్రు మీదుగా వస్తే పెనమలూరు తగులుతుంది. కరకట్ట మీదుగా వచ్చేవాళ్లకు తగలదు. వాళ్లకు స్టేషన్ దాకా ఫీడర్ బస్సు కావాలి. స్టేషన్లకు రెండువైపులా 5 కిలోమీటర్ల పరిధికి ఫీడర్ సర్వీసుల ప్రణాళిక ఉండాలని 2017 మెట్రో విధానమే చెబుతోంది.

గమనించాల్సిన మరో విషయం

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. బందరు నుంచి బెజవాడ బస్టాండ్ దాకా ఉచితమే. మెట్రో వచ్చాక ఈ బస్సులను పెనమలూరులోనే ఆపేస్తే, మిగతా దారికి మెట్రో టికెట్ కొనాల్సి వస్తుంది. రోజూ వెళ్లొచ్చే నర్సుకో, దుకాణంలో పనిచేసే అమ్మాయికో అది నెల ఖర్చులో తెలిసే తేడా. నేరుగా వెళ్లే బస్సులు కొనసాగుతాయా, లేక బస్సుకూ మెట్రోకూ కలిపి ఒకే టికెట్ తెస్తారా అన్నది మెట్రో మ్యాప్ ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం.

కాబట్టి మెట్రో వార్త వచ్చినప్పుడు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని కోట్లు అన్న దగ్గరే ఆగకండి. పెనమలూరు స్టేషన్ పక్కన బస్సులు ఆగడానికి స్థలం ఇచ్చారా? నిడమానూరులో రైలుకూ మెట్రోకూ మధ్య దారి వేస్తున్నారా? ఈ రెండూ చూడండి. స్టేషన్ల డిజైన్ ఖరారు కాకముందే మీ ఎమ్మెల్యేనో, కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లోనో అడగండి. పిల్లర్లు లేచాక అడిగితే మార్చడం కష్టం.