మందిరం గుమ్మం దగ్గర మోతి

పెద్దకడుబూరు వైపు పల్లెల్లో క్రిస్మస్ దగ్గరపడుతుంటే రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఒకవైపు మందిరానికి సున్నం వేస్తుంటారు, మరోవైపు సుగ్గికి మూటలు కడుతుంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం. సరిహద్దు ప్రాంతం కనుక ఆ మాట ఇటు కూడా వచ్చింది కానీ అర్థం మారిపోయింది. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టూ ఉన్న కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడుబూరు మండలాల్లో సుగ్గి అంటే వలస. మిరపకోతకు గుంటూరు వైపు కొందరు, పత్తి తీతకు తెలంగాణకు కొందరు, కట్టడం పనులకు బెంగళూరుకు మరికొందరు వెళ్తారు. ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లు మిగులుతారు, వాళ్లతోపాటు కుక్కలు మిగులుతాయి.

కొన్నేళ్ల క్రితం నేను ఆ ప్రాంతంలో సేవలో ఉన్నప్పుడు, సుగ్గికి బయలుదేరే ముందు ఆదివారం ఆరాధన అయ్యాక ఒక సహోదరి నా దగ్గరకొచ్చింది. ‘‘అయ్యగారూ, మా మోతికి బాగలేదు. ప్రార్థనలో పెట్టండి’’ అంది. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. నేను నవ్వలేదు కానీ, ‘‘సరేలేమ్మా’’ అని పక్కన నిలబడిన మరో వ్యక్తి వైపు తిరిగాను. ఆ ‘సరేలేమ్మా’ ఈ రోజుకీ నన్ను గుచ్చుతూనే ఉంది.

మోతి ఆమె ఇంటి కుక్క. దానికి పదమూడేళ్లు, కుక్కలకది పండు ముసలితనం. సంఘంలో దాన్ని ఎరుగనివారు లేరు. ఆదివారం ఆ కుటుంబం వెనకాలే వచ్చి, మందిరం గుమ్మం బయట చెప్పుల మధ్య పడుకునేది. ఆశీర్వాదం అయ్యేదాకా కదిలేది కాదు. ప్రసంగం సాగదీసినప్పుడు మాత్రం లేచి ఒళ్లు విరుచుకునేది, నాకదొక గడియారం. ఆ కుటుంబంతోపాటు లారీ ఎక్కి చాలాసార్లు సుగ్గికి కూడా వెళ్లింది. భార్యాభర్తలు కోతకు వెళ్తే గుడిసె దగ్గర పిల్లలకు అదే కాపలా. రాత్రి మిరప కల్లం దగ్గర కూడా అదే కాపలా.

ఆ ఏడు దాని కళ్లు తెల్లబడ్డాయి. వెనకకాళ్లు పట్టు తప్పాయి. ఊరికే నీళ్లు తాగడం, తిన్నది కక్కడం, ఎముకల గూడులా చిక్కిపోవడం మొదలైంది. లారీ ఎక్కించడానికి మేస్త్రీ ఒప్పుకోలేదు. ఆయన దగ్గర అడ్వాన్సు అప్పటికే తీసేసుకున్నారు, ఆ డబ్బు ఖర్చు కూడా అయిపోయింది. ఇరుగుపొరుగువాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు. ఎమ్మిగనూరు రోడ్డు మీద వదిలేసి రమ్మన్నారొకరు. అన్నంలో ఏదైనా కలిపి పెట్టమన్నారింకొకరు. రెండూ మన పల్లెల్లో మామూలుగా జరిగేవే. ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమని వాళ్లెవరికీ తెలియదు. నేనూ చెప్పలేదు.

ఆ రాత్రి సామెతల గ్రంథం పన్నెండో అధ్యాయం చదువుతుంటే పదో వచనం దగ్గర ఆగిపోయాను. నీతిమంతుని గురుతుల్లో ఒకటిగా అక్కడ చెప్పింది దశమభాగం కాదు, ఉపవాసం కాదు, తన ఇంటి పశువు ప్రాణాన్ని అతడు దయతో చూస్తాడని! ఎన్నోసార్లు చదివిన వచనమే కానీ దాని మీద ఒక్కసారైనా ప్రసంగించిన గుర్తు లేదు.

నిజానికి బైబిల్లో కుక్కకు పెద్ద గౌరవం లేదు. ఆనాటి ఊళ్లలో కుక్కలంటే చెత్తకుప్పల మీద బతికే వీధికుక్కలే. అందుకే దుర్మార్గులను వాటితో పోల్చారు (ఫిలిప్పీ 3:2). అయితే మందను కాసే కుక్కల ప్రస్తావన యోబు నోట వస్తుంది (30:1). కనాను స్త్రీ ప్రభువుతో మాట్లాడినప్పుడు చెప్పింది బల్లకింద రొట్టెముక్కలు తినే ఇంటి కుక్కపిల్లల గురించే. ఆ మాటతోనే ఆమె తన కూతురికి స్వస్థత సంపాదించుకుంది (మత్తయి 15:27). ధనవంతుడు తన వాకిట పడి ఉన్న లాజరును పట్టించుకోకపోతే అతని కురుపులు నాకింది కుక్కలే (లూకా 16:21). దాన్ని లాజరు దురవస్థకు గుర్తుగానే చాలామంది బోధిస్తారు. నాకు మాత్రం ఆ వాకిట్లో లాజరు దగ్గరకొచ్చినవి అవొక్కటే కదా అనిపిస్తుంది.

నాతాను ప్రవక్త దావీదు పాపాన్ని బయటపెట్టడానికి ఎంచుకున్న కథ చూడండి. ఒక పేదవాడికి ఒకే ఒక చిన్న గొర్రెపిల్ల ఉంది. అది అతని ముద్దలోంచి తిని, అతని గిన్నెలోంచి తాగి, అతని కౌగిట్లో పడుకుంటూ కూతురిలా పెరిగింది (2 సమూయేలు 12:3). ఆ పేదవాడిది పిచ్చిప్రేమ అని నాతాను అనలేదు, దావీదూ అనలేదు. యోనా గ్రంథం ముగిసేదే నీనెవెలోని లక్షా ఇరవై వేల మందికి మించిన జనంతోపాటు అక్కడి పశువులను కూడా దేవుడు తలచుకోవడంతో. ఆ సహోదరి ప్రార్థన అడిగింది అలాంటి దేవునికి. మధ్యలో అడ్డుపడింది నేను.

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. అప్పటికే ఆమె భర్త పశువైద్యుణ్ణి పిలుచుకొచ్చాడు. మూత్రపిండాలు చెడిపోయాయని, ఈ వయసులో తిరిగి బాగుపడవని ఆయన చెప్పాడు. ఉన్నన్నాళ్లు నొప్పితోనే ఉంటుందన్నాడు. మీరు సరేనంటే ముందు మత్తిచ్చి, తర్వాత ఎక్కువ మోతాదులో మత్తుమందు నరంలోకి ఎక్కిస్తే నిద్రలోనే పోతుందని వివరించాడు. చంపమని గానీ వద్దని గానీ ఆయన ఒత్తిడి చేయలేదు.

అప్పుడామె నన్నడిగిన ప్రశ్నకు వేదాంత కళాశాలలో నాకెవరూ జవాబు నేర్పలేదు. ‘‘అయ్యగారూ, దానికి నొప్పి అని సంపుకుంటాండామా, మేము పోవల్ల అని సంపుకుంటాండామా? దేవునికి తెలుసు. నాకే తెల్డంలేదు.’’

ఏమీ చెప్పలేక ఊరకే నిలబడ్డాను. జవాబు ఆమె భర్త ఇచ్చాడు. ఆయన వాక్యం బాగా తెలిసినవాడేం కాదు, మందిరంలో చివరి వరుసలో కూర్చుంటాడు. ఫోన్ తీసి మేస్త్రీకి కలిపి, ‘‘ఈ లారీకి మేం రాం. ఎప్పుడొస్తామో మళ్లా చెప్తాం’’ అన్నాడు. అవతల మేస్త్రీ అరుపులు మాకూ వినిపించాయి. పని దొరికే రోజుల్లో ఒక్కరోజు ఆగడమంటే ఇద్దరి కూలీ పోయినట్టే. ఫోన్ పెట్టేసి భార్యతో అన్నాడు: ‘‘ఇంగ పోయే పని ల్యాదు. ఇప్పుడు దాన్ని చూసి చెప్పు.’’

ఆమె మూడు రోజులు చూసింది. జొన్నరొట్టె పాలలో నానబెట్టి నోటికి పెడితే తినలేదు, చెయ్యి మాత్రం నాకింది. రాత్రుళ్లు మూలుగుతుంటే పక్కనే చాప వేసుకుని పడుకుంది. నాలుగో రోజు డాక్టరుకు ఆమే కబురు పెట్టింది. సౌకర్యం కోసం ప్రాణం తీయడం వేరు, తీరని బాధ నుంచి తప్పించడం వేరు. బయటి నుంచి చూసేవారికి రెండూ ఒకటిగానే కనబడతాయి, చేసేవాడి మనసుకు కూడా ఒక్కోసారి తేడా తెలియదు. ఆ తేడా తెలుసుకోవడానికి వాళ్లు మూడు రోజుల కూలీ వదులుకున్నారు. సృష్టి మీద మనిషికి దేవుడిచ్చిన అధికారం (ఆదికాండము 1:28) గురించి చాలా పుస్తకాలు చదివాను. దాన్ని వాడడం ఎలాగో మాత్రం ఆ వాకిట్లోనే చూశాను.

పిల్లలను బయటికి పంపేద్దామని ఎవరో అన్నారు. తల్లి ఒప్పుకోలేదు. మోతి చనిపోతుందని ముందే చెప్పి పక్కన కూర్చోబెట్టుకుంది. తల ఆమె ఒడిలో ఉంది. మత్తు ఎక్కాక దాని ఒళ్లు వదులైంది. రెండో సూది అయిన కాసేపటికి ఊపిరి ఆగింది. ఇంకేం జరగలేదు. చేను గట్టున వేపచెట్టు కింద నడుములోతు గొయ్యి తీశారు, వీధికుక్కలు తవ్వకుండా పైన రాళ్లు పేర్చారు.

‘‘మోతి పరలోకంలో ఉంటాదా?’’ అని చిన్నవాడు అడిగాడు. పెద్దపెద్దవాళ్లనే వేధించిన ప్రశ్న ఇది. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ 1781లో రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం మీద ఒక ప్రసంగం రాశాడు. మూలుగుతున్న సృష్టి అంతా విడుదల పొందుతుందని పౌలు చెప్పినదాంట్లో మూగజీవాలు కూడా ఉన్నాయని అందులో వాదించాడు. మార్టిన్ లూథర్ ఇంట్లో కూడా ఒక కుక్క ఉండేది. మాంసం ముక్క కోసం అది కన్నార్పకుండా చూస్తుంటే, తాను కూడా ప్రార్థనలో అలా చూపు నిలపగలిగితే ఎంత బాగుండునని లూథర్ అన్నాడట. ఇవన్నీ ఆ పిల్లవాడికి చెప్పలేదు. రెండు కాసులకు అమ్ముడయ్యే ఐదు పిచ్చుకల్లో ఒక్కదాన్ని కూడా దేవుడు మరచిపోడని యేసు చెప్పాడు (లూకా 12:6), మోతిని కూడా మరచిపోడు అన్నాను. అంతకు మించి వాక్యం చెప్పనిది నేను చెప్పదలచుకోలేదు. వాడు కాసేపు ఆలోచించి, ‘‘అయితే సరే’’ అన్నాడు.

వాళ్లమ్మ మళ్లీ ప్రార్థన చేయమంది. ఈసారి చేశాను. పదమూడేళ్లు ఆ పిల్లలను కాసినందుకు దేవునికి స్తోత్రం చెల్లించాను. ఆమె అడిగిన రోజున చేయనందుకు క్షమించమని కూడా అడిగాను, పైకే. ఆ ఆదివారం నవ్వినతను కూడా అక్కడే పార పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున వేరే మేస్త్రీ లారీలో వాళ్లు వెళ్లిపోయారు. క్రిస్మస్ ఆరాధనకు సగం మందిరం ఖాళీ. ఉన్నవాళ్లు గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, మధ్యలో ఒక కుక్క పడుకునేంత చోటు ఎప్పటిలాగే వదిలిపెట్టారు.