పాత డిస్కు, కొత్త యంత్రము: నడుమనున్న కార్డును పరీక్షించు విధము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలోని కళాశాలల బీరువాలలోను, డి.టి.పి. కేంద్రముల అటకలమీదను పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లు దుమ్ము పట్టి పడియుండుట మనకు తెలిసినదే. కొంతకాలమునకు వానిని తూకము వేసి అమ్మివేయుదురు. ఆ పెట్టెలలోని హార్డ్ డిస్కులయందు ఏమున్నదో విచారించువారు అరుదు. ఉర్దూ పుటలను ఇన్‌పేజ్‌లోను, తెలుగు పుటలను అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోను కూర్చిన కాలపు వార్షిక సంచికలు, విద్యార్థుల రచనలు, ప్రశ్నపత్రములు, హాజరు పట్టికలు అందులోనే ఉండవచ్చును. అవి పాత సామానుతో కలిసి పోయినచో మరల దొరకవు. కావున కళాశాల కమిటీ వారును, విద్యార్థులును తెలిసికొనవలసిన ఒక చిన్న సాంకేతిక విషయమును ఇచట వివరింపదలచితిమి.

పాత డిస్కును ఊడదీసి కొత్త కంప్యూటరుకు తగిలింపబోయినచో మొదటి చిక్కు కనుపించును: దానికి తగిన చోటే ఉండదు. ఆ డిస్కులు ఐ.డి.ఇ. అను పద్ధతికి చెందినవి. 1986 ప్రాంతమున పుట్టిన ఆ పద్ధతిలో 40 సూదుల వెడల్పాటి కేబులు వాడుదురు. 2003లో సాటా అను సన్నని కేబులు పద్ధతి వెలువడినది. 2006లో ఇంటెల్ సంస్థ తన కొత్త చిప్‌సెట్టునుండి ఐ.డి.ఇ.ని తొలగించినది. కొన్ని సంవత్సరములు మదర్‌బోర్డు తయారీదారులు వేరొక చిప్పును చేర్చి ఆ చోటును నిలిపిరి గాని, తరువాత అదియు పోయినది. ఇప్పుడు మనకు మిగిలిన మార్గము, మదర్‌బోర్డుపై ఖాళీగానున్న స్లాటులో ఒక కంట్రోలర్ కార్డును అమర్చి, దానికి పాత డిస్కును తగిలించుట.

ఈ కార్డును దుబాసీతో పోల్చవచ్చును. డిస్కు మాటాడు భాష ఒకటి, మదర్‌బోర్డు భాష మరియొకటి. నడుమ నిలిచి ఇటుది అటు, అటుది ఇటు చెప్పునది కార్డు. రెండు భాషల కళాశాలలో చదువువారికి ఇంతకుమించి చెప్పనక్కరలేదు. చిక్కెల్ల దుబాసీ మౌనము వహించినప్పుడు వచ్చును. తెరపై డిస్కు కనుపింపకున్నచో, "డిస్కు పోయినది, పారవేయుడు" అను తీర్పు మన బజారులలో తరచుగా వినబడును. ఈ తీర్పు తొందరపాటుదని మా అభిప్రాయము. డిస్కును నిందించుటకు ముందు మూడు ప్రశ్నలు వరుసగా వేసికొనవలెను. మదర్‌బోర్డు కార్డును గుర్తించినదా? కార్డు డిస్కును గుర్తించినదా? విండోస్ ఆ డిస్కులోని భాగములను చదువగలుగుచున్నదా? మొదటిదానికి సమాధానము రాకమునుపే మూడవదానికి పోవుట వలననే ఎక్కువ నష్టము కలుగుచున్నది.

మొదటి ప్రశ్నకు సమాధానము డివైస్ మేనేజరులో లభించును. డిస్కును తగిలింపక, కార్డును మాత్రము అమర్చి యంత్రమును నడుపవలెను. కొత్త పరికరమేదియు అచట కనుపింపనిచో దోషము స్లాటు వద్దనే ఉన్నది. విద్యుత్ తీగను గోడనుండి తీసివేసి, పెట్టె లోహభాగమును చేతితో తాకి, ఒంటిలోని స్థిర విద్యుత్తును పోగొట్టుకొని, కార్డును ఊడదీసి మరల నిటారుగా గట్టిగా నొక్కవలెను. బంగారు పూత గల అంచు మసకబారినచో మెత్తని పెన్సిలు రబ్బరుతో తేలికగా తుడిచి, పొడిని దులిపివేయుట మన మెకానిక్కుల పాత అలవాటు. అది చెడ్డది కాదు, గట్టిగా రుద్దకున్నచో. రైసు మిల్లులకు పేరుపొందిన మిర్యాలగూడ వంటి పట్టణములో స్లాటు లోపలి దుమ్మును ముందుగా ఊదివేయుట మరింత అవసరము. మరియొక సంగతి: అనేక మదర్‌బోర్డులలో ఎం.2 డిస్కును అమర్చిన యెడల ఒకానొక స్లాటు పనిచేయుట మానును. ఇది మదర్‌బోర్డు పుస్తకములో వ్రాసియుండును. వేరొక స్లాటులో పెట్టి చూచిన చాలును.

కార్డు కనుపించి, ప్రక్కన పసుపుపచ్చ గురుతు ఉన్నచో అది డ్రైవరు లోపము. పెట్టెమీది పేరును నమ్మరాదు. కార్డుపైనున్న నల్లని చిప్పుమీది అక్షరములను చదువవలెను. డివైస్ మేనేజరులోని హార్డ్‌వేర్ ఐ.డి.లో తయారీదారు సంఖ్య 197బి అని ఉన్నచో అది జేమైక్రాన్, 1బి21 ఉన్నచో ఏఎస్‌మీడియా, 1095 ఉన్నచో సిలికాన్ ఇమేజ్. ఆ చిప్పునకు తగిన డ్రైవరునే వెదకవలెను.

రెండవ ప్రశ్న వద్దనే మన కాలము ఎక్కువ పోవును. ఐ.డి.ఇ. కేబులునకు ఒక అంచున ఎర్రని గీత కలదు. అది ఒకటవ సూది వైపు ఉండవలెను. 80 తీగల కేబులులో నీలపు కొన కార్డుకు, నల్లని కొన ముఖ్య డిస్కుకు, నడుమ బూడిదరంగుది రెండవ డిస్కుకు చెందినవి. డిస్కు వెనుక జంపరు అను చిన్న తొడుగు ఉండును. దానిని మాస్టరు, స్లేవు, కేబుల్ సెలెక్ట్ అను స్థానములలో ఒకదానియందు ఉంచుదురు. పాత యంత్రములో ఆ డిస్కు సి.డి. డ్రైవుతో కలిసి స్లేవుగా ఉండియుండవచ్చును. ఇప్పుడు ఒంటరిగా ఉన్నది గనుక మాస్టరుగా మార్చవలెను. కొన్ని వెస్టర్న్ డిజిటల్ డిస్కులలో ఒంటరిగా ఉన్నప్పుడు జంపరును పూర్తిగా తీసివేయవలయును. మాస్టరు స్థానములోనున్నను అవి కనుపింపకపోవచ్చును. డిస్కు పైనున్న చీటీలో ఈ పటము అచ్చువేసియుండును. చీటీ చదువక డిస్కు పోయినదని చెప్పువారిని నమ్మవలదు.

పిమ్మట చెవిని డిస్కుకు దగ్గరగా ఉంచి వినవలెను. తిరుగు చప్పుడే లేనిచో విద్యుత్తు అందుటలేదేమో చూడవలెను. నాలుగు సూదుల పాత పవర్ కనెక్టరు ఈనాటి ఎస్.ఎం.పి.ఎస్.లలో తక్కువ. దానికై వాడు చౌకబారు మార్పిడి తీగలలో వదులు సంధులు సామాన్యము, వేడెక్కి కాలు ప్రమాదమును కలదు. తిరుగుచు టిక్కుటిక్కుమని క్రమముగా కొట్టుకొను చప్పుడు వచ్చినచో అది డిస్కు లోపలి దోషమే. వెంటనే ఆపివేయవలెను. అట్టి డిస్కును పదేపదే నడుపుట వలన మిగిలినదియు పోవును.

డిస్కు కనుపించుచు, నకలు నడుమ ఆగిపోవుచున్నచో కేబులును అనుమానింపవలెను. ఇందుకు చక్కని సాక్ష్యము కలదు. డిస్కు తన ఆరోగ్యమును తానే నమోదు చేసికొను స్మార్ట్ అను పట్టికలో 199వ అంశము, కేబులులో చెడిపోయిన సమాచారపు లెక్క. నకలుకు ముందును తరువాతను ఆ అంకెను చూచి, పెరిగినచో కేబులును మార్చవలెను. పలకలు పాడైన డిస్కులో పెరుగునది 5వ, 197వ అంశములు. ఈ తేడా తెలిసినవాడు చౌకయైన కేబులు కొరకై విలువైన డిస్కును పారవేయడు.

మూడవ ప్రశ్న వద్ద ప్రమాదము పొంచియున్నది. విండోస్ కొన్ని సమయములలో "ఈ డిస్కును ఇనిషియలైజ్ చేయుదునా?" అనియో, "ఫార్మాట్ చేయుదునా?" అనియో అడుగును. రెండింటికిని "వద్దు" అనియే చెప్పవలెను. విండోస్ 98 నాటి ఫ్యాట్32, ఎక్స్‌పీ నాటి ఎన్.టి.ఎఫ్.ఎస్. రెండును ఈనాటి విండోసు చదువగలవే. చదువలేనని అది చెప్పినచో ఖాళీ డిస్కు అని అర్థము కాదు. పాత డిస్కు రెయిడ్ కార్డు క్రింద జంటగా పనిచేసియుండవచ్చును. అట్టి జంటలో ఒకదానిని వేరుచేసి, కొత్త కార్డులో "కొత్త శ్రేణి నిర్మించు" అను ఆజ్ఞ ఇచ్చినచో ఉన్న నిర్మాణము చెరిగిపోవును. ఇక యంత్రము మొదలగునప్పుడు కార్డు పేరు తెరపై రాకపోవుట దోషము కాదు. యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలో పాత కార్డుల రోమ్ నడువదు. ఆ కార్డు నుండి విండోస్ మొదలుకాదు గాని, విండోస్ లేచిన పిమ్మట దానిపైనున్న డిస్కు చదువబడును.

సాటా కార్డులకును ఈ మూడు ప్రశ్నలే వర్తించును. జంపరు బాధ మాత్రము లేదు.

ఖర్చు విషయము కమిటీ వారు అడుగుదురు. సూర్యాపేటవారు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోవుదురు. కోదాడవారికి విజయవాడ దగ్గర. ఒకటి రెండు డిస్కులను ఒక్కసారి నకలు చేయుటకే అయినచో యు.ఎస్.బి. మార్పిడి పరికరము చాలును, పెట్టె విప్పనక్కరలేదు. బీరువా నిండ డిస్కులున్న కళాశాలకు కార్డు మేలు.

ఫైళ్లను నకలు చేయునప్పుడు ఇన్‌పేజ్, పేజ్‌మేకర్ ఫైళ్లు మాత్రమే తీసికొనిన చాలదు. అను ఫాంట్లు లేని యంత్రములో ఆ తెలుగు పుటలు అర్థములేని రోమన్ అక్షరములుగా కనుపించును. పాత ఇన్‌పేజ్ తన సొంత సంకేతములలో ఉర్దూను దాచినది. కావున విండోస్ లోని ఫాంట్ల ఫోల్డరును, ఇన్‌పేజ్ ఫోల్డరును కూడ వెంట తీసికొని, రెండు వేర్వేరు చోట్ల భద్రపరచి, కొత్త యంత్రములో ఒక ఉర్దూ పుటను, ఒక తెలుగు పుటను తెరచి చదివిన తరువాతనే ఆ పాత పెట్టెను అమ్మకపు జాబితాలో చేర్చవచ్చును.